నాలుగో బీపీ మాత్ర రాసే ముందు: డాక్టర్లకు ఒక అక్క బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకు నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతి పిల్లల చేత ఏటా వినాళ గ్రంథుల పట్టిక రాయిస్తాను. అందులో అధివృక్క గ్రంథికి ఒకటే వరుస. మూత్రపిండం మీద టోపీలా ఉంటుంది, ఎడ్రినలిన్ విడుదల చేస్తుంది, భయం వేసినప్పుడు గుండె దడదడలాడిస్తుంది. అంతే. ఆ గ్రంథిలో లేచిన చిన్న గడ్డ మనిషికి పక్షవాతం తెప్పించగలదని, ఇరవై ఏళ్లుగా ఆ పట్టిక రాయిస్తున్న నాకూ తెలియదు. కాబట్టి మీకు తెలియలేదని నిందించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కోపం లేదని కూడా అనను.

ఇది ఫలానా డాక్టరుకు రాసింది కాదు. క్లినిక్కుల్లో, పీహెచ్‌సీల్లో, జిల్లా ఆస్పత్రి ఓపీల్లో రోజూ వంద మందికి బీపీ మాత్రలు రాసే మీ అందరికీ, పక్షవాతం వార్డుల్లో రౌండ్లు వేసే న్యూరాలజిస్టులకూ. అడిగేది ఒక్కటే. మూడు మాత్రలకు లొంగని బీపీకి నాలుగోది రాసే ముందు ఆల్డోస్టిరోన్, రెనిన్ అనే రెండు రక్తపరీక్షలు రాయండి. నలభై లోపు వాళ్లకు బీపీతో పక్షవాతం వస్తే, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టే ముందు రాయండి.

ఎందుకో చెప్తాను.

మా తమ్ముడికి మొబైల్ రిపేరు షాపు ఉంది. భూతద్దం కింద బోర్డు పెట్టుకుని వెంట్రుక మందం తీగను సోల్డరింగ్ చేసే చెయ్యి వాడిది. ముప్పై ఒకటో ఏట రక్తదాన శిబిరానికి వెళ్తే బీపీ 160/100 ఉందని వెనక్కి పంపారు. ఒక మాత్రతో మొదలైంది. ఆరు నెలలకు రెండోది, ఏడాదిన్నరకు మూడోది చేరాయి. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, ఒంట్లో నీరు తీసే క్లోర్‌థాలిడోన్. మూడూ మంచి మందులే, సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇచ్చేవీ ఇలాంటివే. వాడు రోజూ వేసుకున్నాడు. ఈ మాట నొక్కి ఎందుకంటున్నానంటే, బీపీ తగ్గలేదనగానే మీరడిగే మొదటి ప్రశ్న "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?" రెండోది "ఉప్పు తగ్గించావా?" మూడోది ప్రశ్న కాదు, తీర్పు: "టెన్షన్ తగ్గించుకో."

మా మరదలు ఆవకాయ జాడీని అటకెక్కించింది. పెళ్లి భోజనాల్లో వాడు అప్పడం ముట్టుకుంటే చాలు, ఇంటిల్లిపాదీ వాడి చేతినే చూసేవాళ్లం. బీపీ మాత్రం 170 దగ్గరే నిలబడింది.

తర్వాత పిక్కలు పట్టేయడం మొదలైంది. రాత్రి రెండింటికి లేచి గోడ పట్టుకుని నిలబడేవాడు. మూత్రానికి నాలుగైదుసార్లు లేచేవాడు. షుగరేమోనని మూడుసార్లు పరీక్ష చేయించాం, లేదు. ఒకరోజు పొద్దున షాపు షట్టరు ఎత్తలేక పక్క కొట్టు అబ్బాయిని పిలిచాడట. అప్పుడు చేసిన రక్తపరీక్షలో పొటాషియం 2.9. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య.

ఆ కాగితం ఇప్పుడు నా ముందుంది. 2.9 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. అంటే చూశారు. చూసి పక్కనే రాశారు: పొటాషియం సిరప్ పదిహేను రోజులు, అరటిపండ్లు, కొబ్బరినీళ్లు. పదిహేను రోజులకు 3.6 వచ్చింది. ఆ కాగితం మీద ఎర్ర సున్నా లేదు. మరుసటి ఏడు మళ్లీ 3.0. ఈసారి నీళ్ల మాత్ర వల్ల అన్నారు, అది తీసేసి వేరేది రాశారు. నీళ్ల మాత్ర పొటాషియం తగ్గిస్తుందన్నది నిజమే. మరి అది మానేసిన మూడు నెలలకు కూడా 3.1 ఉంటే? ఆ కాగితం మీద ఎవరి గీతా లేదు. నాలుగో మాత్ర మాత్రం చేరింది.

ముప్పై ఏడో ఏట, దసరా ముందు రద్దీలో, షాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడి పక్కకు ఒరిగిపోయాడు. బీపీ 230/130. స్కాన్‌లో మెదడు ఎడమ వైపు లోపల రక్తం. మాట పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆ మొదటి ఆస్పత్రిలో నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. ప్రాణం నిలబెట్టారు, ఆ రుణం మర్చిపోను. కానీ డిశ్చార్జి కాగితంలో బీపీ వల్ల మెదడులో రక్తస్రావం అని రాశారు తప్ప, ముప్పై ఏడేళ్లవాడికి అంత బీపీ దేనివల్ల అన్నది ఎక్కడా రాయలేదు. ఐదు మాత్రలు రాశారు.

కనిపెట్టింది పెద్ద ప్రొఫెసరు కాదు. డబ్బులైపోయి వేరే ఆస్పత్రికి మార్చాక, అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న, పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మా ప్లాస్టిక్ కవరులో కుక్కిన కాగితాలన్నీ తీసి తేదీల వరసలో పేర్చింది. పేర్చి నన్నడిగింది: "అక్కా, నీళ్ల మాత్ర ఆపాక కూడా పొటాషియం తక్కువే ఉంది కదా, తర్వాత ఏం చేశారు?" అరటిపండ్లు పెట్టామన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

రెండు రోజులకు రక్తం హైదరాబాద్ పంపారు. ఆల్డోస్టిరోన్ ఉండాల్సిన దానికి రెట్టింపు పైన, రెనిన్ దాదాపు లేనట్టే. పొట్ట స్కాన్‌లో ఎడమ అధివృక్క గ్రంథి మీద 16 మిల్లీమీటర్ల గడ్డ. వేరుశనగ గింజంత. క్యాన్సర్ కాదు. ఆరేళ్లు మేం తిట్టుకున్నది ఆవకాయని, వాడి కోపాన్ని, వాడి షాపు ఈఎంఐలని.

మీకు తెలిసిందే అయినా, ఇది చదివే మామూలు వాళ్ల కోసం నా పిల్లలకు చెప్పినట్టు చెప్తాను. మేడ మీద ట్యాంకు ఖాళీ అయితే కింద స్విచ్చి వేస్తాం, మోటారు తిరుగుతుంది, నిండగానే ఆపేస్తాం. మూత్రపిండం విడుదల చేసే రెనిన్ ఆ స్విచ్చి. ఆల్డోస్టిరోన్ ఆ మోటారు. అది ఉప్పునూ దాంతోపాటు నీటినీ ఒంట్లో నిలబెడుతుంది, బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. గడ్డ ఉన్నవాళ్లలో స్విచ్చి ఆపేసి ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు పొర్లుతుంది, పైపుల మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే రెండూ కలిపి కొలవాలి. మోటారు తిరుగుతోందా అని చూస్తే చాలదు, స్విచ్చి ఆపి ఉండగా తిరుగుతోందా అని చూడాలి.

ఉప్పు మీద మీ కోపం తప్పని నేననను. బ్రెజిల్ అడవుల్లో యానోమామి అనే తెగ ఉంది. వాళ్ల తిండిలో ఉప్పు దాదాపు ఉండదు. ఉన్న కాస్త ఉప్పును పట్టి ఉంచుకోవడానికి వాళ్ల ఒంట్లో ఆల్డోస్టిరోన్ చాలా ఎక్కువగా ఉంటుంది, అయినా సగటు బీపీ 96/61. అంటే ఈ హార్మోను ఉప్పుతో కలిసినప్పుడే కాటేస్తుంది. మా తమ్ముడు ఉప్పు తగ్గించడం వృథా కాదు. కానీ మోటారు ఆపకుండా, ట్యాంకులో చెంబుడు తక్కువ పోశావా లేదా అని వాణ్ణి ఆరేళ్లు నిలదీశాం.

బీపీ ఎవరికున్నా పక్షవాతం ప్రమాదం ఉంటుంది కదా, గడ్డ వల్ల వచ్చిన బీపీకి ప్రత్యేకత ఏమిటని మీలో ఒకరు నన్ను అడిగారు. ఉంది. 2005లో ఫ్రాన్స్ డాక్టర్లు, ఈ హార్మోను ఎక్కువైన 124 మందిని మామూలు బీపీ ఉన్న 465 మందితో పోల్చారు. రెండు గుంపుల్లోనూ వయసు, బీపీ దాదాపు ఒకటే. పక్షవాతం వచ్చినవాళ్లు మొదటి గుంపులో 12.9 శాతం, రెండో గుంపులో 3.4 శాతం. 2018లో 31 అధ్యయనాలను కలిపి లెక్కవేసినప్పుడు కూడా పక్షవాతం ముప్పు రెండున్నర రెట్లు తేలింది, గుండె లయ తప్పడం మూడున్నర రెట్లు. బీపీ ద్వారానే కాక ఆల్డోస్టిరోన్ నేరుగా కూడా రక్తనాళాల గోడల్ని, గుండె కండరాన్ని గట్టిపరుస్తుంది. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే అదో రకం పక్షవాతం. నాళం చిట్లితే, మా వాడికి వచ్చింది.

"అమ్మా, ఇవన్నీ చాలా అరుదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. అరుదు కాదు డాక్టర్ గారూ. బీపీ ఉన్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి ఆల్డోస్టిరోన్ ఎక్కువగా ఉంటుంది. మూడు నాలుగు మాత్రలకు లొంగని వాళ్లలో ఐదుగురికి ఒకరు. అందరికీ గడ్డే ఉండదు, కొందరిలో రెండు గ్రంథులూ మొత్తంగా అతిగా పనిచేస్తాయి. వాళ్లకు ఆపరేషను అక్కర్లేదు, మాత్ర సరిపోతుంది. మీ ఓపీలో ఇవాళ కూర్చున్న బీపీ పేషెంట్లను ఒకసారి లెక్కపెట్టుకోండి.

జబ్బు కొత్తదీ కాదు. 1954లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డాక్టరు జెరోమ్ కాన్ దగ్గరికి ముప్పై నాలుగేళ్ల స్త్రీ వచ్చింది. ఏళ్ల తరబడి కండరాలు పట్టేయడం, నీరసం, బీపీ, పొటాషియం తక్కువ. అధివృక్క గ్రంథిలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ తీశాక ఆమె కోలుకుంది. ఆయన పేరుతోనే దీన్ని కాన్ సిండ్రోమ్ అంటారు, ఎంబీబీఎస్‌లో మీరంతా చదివిందే. డెబ్బై ఏళ్ల నాటి ఆ పేషెంటు గుర్తులు మా తమ్ముడి చీటీల్లో ఒక్కటి తప్పకుండా ఉన్నాయి.

మీరొక్కరే అని కూడా అనను. 2021లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, మందులకు లొంగని బీపీ ఉన్న 2,69,000 మంది మాజీ సైనికుల్లో ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.6 శాతం. డబ్బూ, ల్యాబులూ ఉన్న దేశంలో. అంటే లోటు ల్యాబులో కాదు, మన తలల్లో ఉంది. అరుదు అనుకుంటాం కాబట్టి పరీక్ష రాయం, రాయం కాబట్టి దొరకదు, దొరకదు కాబట్టి అరుదు అనుకుంటాం.

ఇంకో అపోహ. పొటాషియం తక్కువుంటేనే అనుమానించాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువ మందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. మా వాడిది ఆ లెక్కన అదృష్టం. గుర్తు కంటికి కనబడింది, ఎర్ర సున్నా కూడా పడింది. గుర్తే కనబడని వాళ్ల సంగతి ఆలోచిస్తే నాకు నిద్రపట్టదు. అందుకేనేమో, యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో బీపీ నిర్ధారణ అయిన పెద్దవాళ్లందరికీ ఈ పరీక్ష ఆలోచించమంది. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో బీపీ ఉన్న అందరికీ చేయమని సూచించింది. మందులన్నీ ఆపి వారాలు ఆగాల్సిన పని కూడా లేదని, మందుల మీద ఉండగానే చేసి, ఏ మందు ఫలితాన్ని ఎటు లాగుతుందో చూసుకుని చదువుకోవచ్చని చెప్పింది. నేను అంత దూరం వెళ్లడం లేదు. అందరికీ అనడం లేదు. మూడు మాత్రలు దాటిన వాళ్లకు, పొటాషియం తగ్గిన వాళ్లకు, చిన్న వయసులో బీపీ వచ్చిన వాళ్లకు, స్కాన్‌లో ఆ గ్రంథి మీద గడ్డ కనబడిన వాళ్లకు చాలు.

అదే గ్రంథి లోపలి పొరలో ఇంకో రకం గడ్డ లేస్తుంది, ఫియోక్రోమోసైటోమా. ఇది మాత్రం నిజంగా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో రెండు నుంచి ఎనిమిది మందికి. ఎడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఉన్నట్టుండి రక్తంలోకి కుమ్మరిస్తుంది. తల పగిలే నొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండె దడ, బీపీ ఆకాశానికి. కాసేపటికి అంతా మామూలే. ఆడవాళ్లకొస్తే దీన్ని మనవాళ్లు టెన్షన్ అంటారు, గ్యాస్ అంటారు, పల్లెల్లో గాలి సోకింది అంటారు. ఆ కుమ్మరింతల్లో ఒకదానికి మెదడులో నాళం చిట్లవచ్చు, లేదా బిగుసుకుపోవచ్చు. గుండె దడకని ముందుగా ప్రొప్రనొలాల్ ఒక్కటే ఇస్తే బీపీ ఇంకా ఎగబాకే ప్రమాదముందని, ప్రాజోసిన్ లాంటి మందు ముందు మొదలుపెట్టాలని మీ పుస్తకాల్లోనే ఉంది. 1926లోనే స్విట్జర్లాండ్‌లో సీజర్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో ఈ గడ్డల్ని కోసి తీశారు. వందేళ్లయింది. మెటానెఫ్రిన్లు అనే రక్తపరీక్షతోనో మూత్రపరీక్షతోనో ఇప్పుడు తేలిపోతుంది.

అదే గ్రంథిలో కార్టిసాల్ అనే ఇంకో హార్మోనును ఎక్కువ చేసే గడ్డలూ ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ రాయను. మన ఊళ్లలో ముఖం ఉబ్బి బీపీ, షుగర్ పెరిగినవాళ్లలో చాలామందికి గడ్డ ఉండదు, మోకాళ్ల నొప్పులకని ఆర్‌ఎంపీ నెలల తరబడి ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలుంటాయి. అది వేరే ఉత్తరం.

పీహెచ్‌సీ డాక్టర్లకు ఒక మాట. 2017 నవంబరులో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ముప్పై దాటిన వాళ్లకు బీపీ చూస్తున్నారు, నెలకు సరిపడా మాత్రలు ఇస్తున్నారు. మా ఊళ్లో ఎంతమందికి ఆ మాత్రలు ప్రాణం పోశాయో నాకు తెలుసు. కానీ ఆ మందుల మెట్ల చివర, మూడో మందుకూ లొంగని మనిషికి "మళ్లీ నెలకు రా" తప్ప ఇంకేదైనా రాయండి. మీ దగ్గర పరీక్ష లేకపోతే ఫలానా పరీక్ష కోసం పంపుతున్నానని చీటీ మీద ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం కోసం మేం ఆరేళ్లు తిరిగాం. పరీక్షకు మాకైన ఖర్చు మూడున్నర వేలు. ఐసీయూ మొదటి రోజు అడ్వాన్సే నలభై వేలు.

పరీక్ష అందని చోట కూడా దారి మూసుకుపోలేదు. స్పైరోనోలాక్టోన్ పాత మందు, చవక మందు. మూడు మందులకు లొంగని బీపీకి నాలుగోదిగా అదే బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. పొటాషియం మితిమీరి పెరగకుండా, కిడ్నీ పనితీరు చూసుకుంటూ వాడాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటే విన్నపం, అది మొదలుపెడితే పరీక్ష ఫలితం తారుమారవుతుంది. వీలైతే ముందు రక్తం తీయండి, తర్వాత మాత్ర రాయండి.

మా తమ్ముడికి హైదరాబాద్‌లో రెండు గ్రంథుల సిరల్లోంచి విడివిడిగా రక్తం తీసి, తప్పు ఎడమదానిదేనని తేల్చుకున్నాకే కీహోల్ ఆపరేషను చేశారు. మూడో రోజు ఇంటికొచ్చాడు. ఇప్పుడు పొటాషియం 4.3, సిరప్ లేకుండా. బీపీ 128/84, ఒకే మాత్రతో. పూర్తిగా మాత్రలు మానేయగలిగేది మూడో వంతుకు కాస్త ఎక్కువ మందేనట, మిగతా వాళ్లలో చాలామందికి మందులు తగ్గుతాయి. ఏళ్ల తరబడి ఒత్తిడి మోసిన నాళాలు ఒక్కసారిగా మెత్తబడవు కదా. ముందే పట్టుకుంటే మాత్రలు పూర్తిగా మానేసినవాళ్లలో ఉండేవాడేమో.

మాట చాలావరకు వచ్చింది. కొన్ని పదాలు మాత్రం తారుమారవుతాయి, చార్జరును గొడుగు అంటాడు, అని వాడే నవ్వుతాడు. కుడి చెయ్యి రాలేదు. ఎర్ర పిడి స్క్రూడ్రైవరు ఎడమ చేత్తో పట్టుకుని పాత ఫోన్ల వెనక మూతలు విప్పడం నేర్చుకుంటున్నాడు. స్క్రూలు కింద పడితే వాడి కూతురు అయస్కాంతంతో ఏరి డబ్బాలో వేస్తుంది. బోర్డు పని ఇప్పుడు జీతానికి పెట్టుకున్న కుర్రాడు చేస్తున్నాడు.

ఆఖరుగా, చీటీ రాసేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: మీ ఇంట్లో నలభై లోపు ఎవరికైనా పక్షవాతం వచ్చిందా? కొన్ని కుటుంబాల్లో ఈ హార్మోను జబ్బు జన్యువుల్లో వస్తుంది, అందులో ఒక రకంలో చిన్న వయసులోనే మెదడులో రక్తస్రావాలు జరుగుతాయి. మా అమ్మ 1994లో, ముప్పై తొమ్మిదో ఏట, తలలో నరం చిట్లి పోయింది. వాకిట్లో ముగ్గు వేస్తూ కూలిపోయింది. తమ్ముడి ఆరేళ్ల చీటీల్లో ఎక్కడా ఆ సంగతి లేదు. ఎవరూ అడగలేదు, అది చెప్పాల్సిన విషయమని మాకూ తోచలేదు. ఆ పీజీ అమ్మాయే అడిగింది. అమ్మ సంగతి విన్నాక నా వైపు చూసి "మరి మీ బీపీ ఎంతక్కా?" అంది.

నా బీపీ 150/96. నా చీటీ మీద కూడా మూడేళ్లుగా టెన్షన్ అనే ఉంది. పోయిన సోమవారం రక్తం ఇచ్చాను. రిపోర్టు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక అక్క,
ఖమ్మం జిల్లా